ముప్పై రెండు తేడా

మా వీధిలో నేను ‘మెదడు స్కానింగుల మీద పీహెచ్‌డీ చేసే అమ్మాయి’ని. ఆ పేరు పుణ్యమా అని పోయిన నెల ఎదురింటి పిన్నిగారు కొత్తపేటలో తీయించుకున్న ఎంఆర్‌ఐ ఫిల్ము కవరుతో సహా పట్టుకొచ్చి, “ఈ తలనొప్పి దేనికో కాస్త చూసి చెప్పమ్మా” అని కూర్చున్నారు. నాకు ఫిల్ము చదవడం రాదండీ, కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పుకునేదాన్ని అంటే నమ్మలేదు. “అంత చదువు చదివి...” అని సగంలో ఆపేశారు. ఫిల్ము ఇంకా మా బీరువా మీదే ఉంది.

ఆవిడది మెదడు నిర్మాణం చూపించే బొమ్మ. నేను చూసేది ఎఫ్‌ఎంఆర్‌ఐ, మెదడు పనిని చూపించేది. మనిషిని స్కానర్లో పడుకోబెట్టి రెండు సెకన్లకో బొమ్మ చొప్పున పది నిమిషాలు తీస్తే మూడొందల బొమ్మలు వస్తాయి. ఒక్కో బొమ్మ మూడేసి మిల్లీమీటర్ల గళ్లు. ఆ గడినే వోక్సెల్ అంటారు. మెదడులో ఒకచోట పని పెరిగితే ఆక్సిజన్ నిండిన రక్తం అటు ఎక్కువగా పారుతుంది. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కీ, దింపేసిన హిమోగ్లోబిన్‌కీ అయస్కాంత గుణంలో తేడా ఉంది. ఆ తేడాని బొమ్మలో పట్టుకోవచ్చని సెయిజీ ఒగావా బృందం 1990లో ఎలకల మీద చూపించింది. 1992కల్లా మనుషుల్లోనూ చూశారు. ఇంతా చేసి ఆ మార్పు నూటికి ఒకటో రెండో వంతు, అదీ ఐదారు సెకన్లు ఆలస్యంగా. మిగిలినదంతా రొద: ఊపిరి, గుండె కొట్టుకోవడం, తల కదలడం, యంత్రం తాలూకు సొంత గోల.

అందుకే ఈ రంగంలో స్టాటిస్టిక్స్ లేకుండా అడుగు పడదు. సరిగ్గా వాడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక చచ్చిన చేప ఉంది. 2009లో అమెరికాలో బెన్నెట్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు ఒక చచ్చిన సాల్మన్ చేపని స్కానర్లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వీళ్ల మనసులో ఏముందో చెప్పమన్నారు. మొత్తం 8,064 వోక్సెళ్లలో 16 పనిచేస్తున్నట్టు వెలిగాయి! వెయ్యికొకటి చొప్పున తప్పు పోనిచ్చినా ఎనిమిది వేలల్లో ఓ ఎనిమిది ఉత్తపుణ్యానికే వెలుగుతాయి కదా. అన్ని పరీక్షలు ఒకేసారి చేస్తున్నామని లెక్కలో దిద్దుకుంటే చేప మళ్లీ చచ్చిపోయింది. దీనికి 2012లో ఇగ్‌నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి. మా సెకండియర్ పిల్లలకి ఈ కథ చెబితే చాలు, బెల్లు కొట్టినా లేవరు.

ఇంత తెలిసీ నేను బోల్తా పడ్డాను. చేపలాగా కాదు, వేరే దారిలో.

ఏ పనీ చెప్పకుండా ఊరికే పడుకోబెట్టి తీసిన స్కాన్లు నెట్‌లో అందరికీ దొరుకుతాయి. అలాంటి ఒక సెట్టు తీసుకుని, మెదడులో ఏ చోటు ఏ చోటుతో కలిసి ఆడుతోందో చూస్తున్నాను. రెండు చోట్ల సిగ్నల్ కలిసి పెరిగి కలిసి తగ్గితే వాటి మధ్య సంబంధం ఉందంటారు. నాకు ఎదురు సంబంధాలు దొరికాయి, తల ముందువైపు పెరిగినప్పుడల్లా వెనకవైపు తగ్గుతోంది. ఒకటి లేస్తే ఒకటి కూర్చునే వ్యవస్థలు మెదడులో ఉన్నాయని 2005 నుంచీ పేపర్లు వస్తూనే ఉన్నాయి కాబట్టి నాకు ఇది వింతగా అనిపించలేదు, ముద్దొచ్చింది. తొమ్మిది జతలు. అన్ని దిద్దుబాట్లూ తట్టుకుని నిలబడ్డ తొమ్మిది. రంగుల్లో బొమ్మ వేసి గైడ్‌గారికి పంపేశాను కూడా.

ఆ సాయంత్రం జతల పట్టిక ప్రింటు తీసి బల్ల మీద పెట్టి టీ పెట్టడానికి లోపలికెళ్లాను. స్కానర్ ఇచ్చిన అసలు గళ్లలో ఏ చోటు ఎన్నో వరసలో ఉందో రాసుకున్న కాగితం అది. మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో 31 ఏళ్లు గుమస్తాగా చేశారు. అంకెల వరస కళ్లబడితే చాలు, చెయ్యి ఎర్ర పెన్ను మీదికి పోతుంది. నేనొచ్చేసరికి ఆరు చోట్ల టిక్కులు పెట్టి ఉన్నారు.

“ఏంటమ్మాయ్ ఇవి? పదమూడు, నలభై ఐదు. పదిహేను, నలభై ఏడు. పద్దెనిమిది, యాభై. అన్నీ ముప్పై రెండు తేడానేగా? ఒకడే రాసిన దొంగ బిల్లుల్లా ఉన్నాయి.”

కప్పులు చేతిలోనే ఉండిపోయాయి. బొమ్మకి మొత్తం వరసలు 64. ముప్పై రెండంటే సరిగ్గా సగం.

సంగతేమిటంటే, స్కానర్ నేరుగా ఫొటో తీయదు. తీసుకునేది తరంగాల లెక్క, దాన్ని కె-స్పేస్ అంటారు. ఫోరియర్ గణితంతో తిప్పితేనే బొమ్మ అవుతుంది. తొందరగా పూర్తవడానికి ఆ తరంగాల్లో వరస విడిచి వరస తీస్తే, కాగితాన్ని మధ్యకి కోసి ఒక సగం మీద ఇంకో సగాన్ని జరిపి పెట్టినట్టు బొమ్మ సగానికి మడతపడుతుంది. అంటే 13వ వరసా 45వ వరసా ఒకదానిమీద ఒకటి. తల చుట్టూ ఉండి సిగ్నల్ పట్టే తీగచుట్టలు, అంటే కాయిల్స్, ఒక్కోటి ఒక్కో చోటుని ఎక్కువగా వింటాయి కాబట్టి, ఆ తేడాలు పట్టుకుని మడత విప్పుతారు. ప్రుస్‌మన్ బృందం 1999లో ఇచ్చిన ఈ పద్ధతి పేరు సెన్స్. మడత విప్పే గణితం ఏమిటో తెలుసా? కనిష్ఠ వర్గాల పద్ధతి, అంటే తప్పుల వర్గాల మొత్తం వీలైనంత తగ్గేలా అంచనా కట్టడం. నేను పదకొండేళ్లుగా బోర్డు మీద రాస్తున్న రిగ్రెషనే. ఒకే డేటాలోంచి రెండు గుణకాలు అంచనా వేస్తే వాటి తప్పులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని ఏటా పరీక్షలో ఐదు మార్కులకి నేనే అడుగుతాను! బొమ్మలో ప్రతి గడీ ఒక అంచనా అని మాత్రం నా బుర్రకి తట్టలేదు. దాన్ని కొలత అనుకున్నాను.

నాన్నకి ఇదంతా చెబితే ఆయన యార్డులోకి వెళ్లిపోయారు. “రెండు టిక్కీలు, అదే రెండు మిర్చి బస్తాలు, ఒకే రాశిలో పోశాక మళ్లీ విడదీయమంటే? తేజ రకంలో బ్యాడిగి రకం పడితే ముడత చూసి ఏరేస్తాం. సన్నరకం పడితే కష్టం. దీంట్లోకి నాలుగు ఎక్కువేస్తే దాంట్లో నాలుగు తగ్గుద్ది. మొత్తం రాశి మారదుగా.”

ఎదురు సంబంధం ఎక్కడినుంచి వచ్చిందో ఆయన అలా రెండు ముక్కల్లో చెప్పేశారు. కాయిళ్లు రెండు చోట్లనీ ఇంచుమించు ఒకేలా వింటే తప్పు ఇంకా పెరుగుతుందన్నది కూడా అందులోనే ఉంది.

రాత్రికి మెదడు లేని డేటా తయారుచేశాను. ఎనిమిది కాయిల్స్, మూడొందల బొమ్మలు, అన్నీ ఉత్త రొద. సగం వరసలు తీసేసి, మడత విప్పి, సంబంధాలు లెక్కేశాను. పదకొండున్నరకి కరెంటు పోయి ఒకసారి మొదటికొచ్చింది. రెండోసారి వచ్చాయి: ముప్పై రెండు వరసల దూరంలో ఎదురు సంబంధాలు, మెదడన్నదే లేని చోట. దానిమీద మామూలుగా వాడే ఆరు మిల్లీమీటర్ల స్మూతింగ్, అంటే ప్రతి గడినీ పక్క గళ్లతో కలిపి సరాసరి చేయడం, వేస్తే మరకల్లా పరుచుకుని ఎంతో నమ్మదగ్గట్టు కనిపించాయి. అసలు డేటాతో వచ్చిన వివరాల ఫైలు తెరిచి చూస్తే అక్కడా అంతే, వరస విడిచి వరస. ఆ ఫైలు ఏడాదిగా నా దగ్గరే ఉంది.

మడత విప్పడంలో ఏ గడి తప్పు ఏ గడికి ఎంత అంటిందో ముందే లెక్కగట్టొచ్చు. కాకపోతే దానికి కె-స్పేస్, కాయిల్ వివరాలు కావాలి. అవి చాలాచోట్ల బొమ్మ తయారవగానే చెరిపేస్తారు. పైగా స్కానర్ ఇచ్చేవి సంకీర్ణ సంఖ్యలు, బొమ్మలో మిగిలేది వాటి పరిమాణం మాత్రమే. ఫేజ్ అనే సగం పారేస్తారు. అది పారేశాక రొద కూడా గంట ఆకారపు నార్మల్ పంపిణీలో ఉండదు, రైసియన్ అనే వేరే పంపిణీలోకి పోతుంది. ఇంత వండేసిన దాన్ని మేము ముడి డేటా అంటాం, సిగ్గులేకుండా. నూజివీడు, నందిగామ బళ్లలో చదువుకున్న స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్.రావు గారు, ఉన్న డేటాతో ఏ అంచనాకైనా ఇంతకంటే కచ్చితత్వం రాదని 1945లోనే గీత గీశారు. సగం డేటాతో మడత విప్పిన బొమ్మలో రొద కనీసం రూట్ టూ రెట్లు పెరుగుతుంది. తొందరకి కట్టే వడ్డీ అది.

గైడ్‌గారికి మెయిల్ రాశాను, పంపిన బొమ్మ తీసేయండి అని. “మంచిది, థీసిస్ డిఫెన్సులో కంటే ఇప్పుడే నయం” అని ఒక్క ముక్క జవాబిచ్చారు. అధ్యాయం సగానికి పడింది.

టిక్కు పడని జతలు మూడు మిగిలాయి. వాటిలో ఒకటి తల ఎక్కువ కదిలిన నలుగురిని పక్కనపెడితే పోయింది. రెండున్నాయి. నాన్న రోజూ భోజనాల దగ్గర అడుగుతున్నారు, “ఆ రెండూ నిలబడ్డాయా?” అని. కె-స్పేస్ ఎవరైనా దాచారేమోనని డేటా పెట్టినవాళ్లకి రాశాను. జవాబు వచ్చేదాకా ఆ కాగితం బీరువా మీద, పిన్నిగారి ఫిల్ము కవరు కింద.