బుడమేరు నీళ్ల మధ్య దాహం
2024 సెప్టెంబర్ 1. తెల్లారేసరికి విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధంతా బుడమేరు వాగు నీళ్లే. మూడు రోజులు మేడ మీదే ఉన్నాం. ఆకలి ఎలాగో ఓర్చుకున్నాం, డ్రోన్ అన్నం పొట్లాలు తెచ్చింది. దాహమే చంపేసింది. చుట్టూ పీకల్లోతు నీళ్లు, తాగడానికి మాత్రం మూతతో కొలుచుకున్నాం.

రెండో రోజు అత్తయ్య ఆ మూతెడు కూడా వద్దన్నారు. బాత్రూంకి వెళ్లే దారి లేదని! ఆ మాట నాతో చెప్పడానికి కూడా సిగ్గుపడ్డారు. ఆ రోజుల్లో ఎంతమంది ఆడవాళ్లు అలా బిగబట్టుకున్నారో, తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

చీకటి పడ్డాక మూలన రెండు చీరలు అడ్డం కట్టి బకెట్ పెట్టాం. ఆవిడ బయటికొచ్చి, "ఇప్పుడు నీళ్లివ్వమ్మా" అన్నారు. పడవలో వచ్చిన కుర్రాడు అందించిన బాటిల్ మొత్తం ఇచ్చేశాను. గటగటా తాగి, నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయారు.