పొగ చూపిన దారి

మూడు నెలలు పట్టింది. గాజు పని చేసుకునే బల్ల ఇవాళ్టికి నాకు నచ్చినట్టు కుదిరింది.

మొదట నల్లగొండలో మా ఇంటి వెనక రేకుల గదిలో, కిటికీ పక్కన మామూలు చెక్క బల్ల వేసుకున్న. ఆక్సిజన్, గ్యాస్ కలిపిన మంటలో వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజు కడ్డీలు కరిగించి పూసలు చేస్తుంటే సాయంత్రానికి తల పట్టేసేది. ఎండ దెబ్బ అనుకున్న. అంత వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతయని, అవి ఊపిరితిత్తులను దెబ్బ తీస్తయని తర్వాత చదివి భయపడ్డ.

వెల్డింగ్ అన్నతోని ఇనుప యాంగిల్ ఫ్రేము చేయించి, పైన సిమెంట్ బోర్డు పరిచిన. మూడు దిక్కుల రేకు మూసి, పైన గొట్టం, గోడకు 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను. అగరుబత్తి ముట్టిచ్చి చూస్తే పొగ గొట్టంలకు పోలే, నా ముఖం మీదికే వచ్చింది. ఫ్యానేమో గిర్రున తిరుగుతనే ఉంది! తలుపు మూసి ఉన్నది. బయటికి పోయే గాలికి బదులు లోపలికి గాలి రావాలె కదా. వెనక తలుపు తీసి, సీలింగ్ ఫ్యాను బంద్ చేసిన. పొగ దారం లెక్క వంగి, బర్నర్ మీదుగా గొట్టంలకు ఎక్కింది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డ.

సిలిండర్ గోడ బయట పెట్టిన. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదనే పరుచుకుంటది.

ఇన్నాళ్లు అమ్మను లోపలికి రానియ్యలేదు. ఇవాళ రెండో జత డిడీమియం కళ్లద్దాలు (మంటల గాజు నుంచి వచ్చే పసుపు వెలుగును ఆపేటివి) పెట్టి కూర్చోబెట్టిన. గాజు సాగుతుంటే చూసి, "గాలి మంచిగ ఆడుతుంది బిడ్డా" అన్నది.