ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?

నాకొచ్చిన జ్వరం కన్నా, అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందని బంధువులు తీసిన ఆరా ఎక్కువ బాధపెట్టింది. డిగ్రీ చివరి ఏడాది, ఇంట్లో సంబంధాలు చూస్తున్న రోజులు. రిపోర్టులో ఉన్న ఎప్‌స్టీన్-బార్ వైరస్ పేరును ఎవరో ఫోన్లో వెతికితే ‘కిస్సింగ్ డిసీజ్’ అని కనబడింది. ఇంక అమ్మను పక్కకు పిలిచి అడగడం మొదలుపెట్టారు.

మొదట గొంతు పట్టుకుంది. ఉమ్మి మింగాలన్నా కళ్లలో నీళ్లు తిరిగేవి. మెడకు రెండు పక్కలా బిళ్లలు కట్టాయి, టాన్సిల్స్ మీద తెల్లటి పొర. సంగటి మాట అటుంచి, రాగిజావ కూడా దిగేది కాదు. ఊర్లో వైద్యం చేసే ఆయన అమాక్సిసిలిన్ ఇచ్చాడు. అది వేసుకున్నాక ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు. ఈ జబ్బులో ఆ మందు పడితే ఇట్లా అవుతుందని, ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్‌తో పనే లేదని తర్వాత కడపలో డాక్టరమ్మ చెప్పారు. స్కానింగ్‌లో ప్లీహం, అంటే కడుపులో ఎడమ పక్క పక్కటెముకల కింద ఉండే అవయవం, పెరిగి ఉంది. “నీళ్ల బిందెలు ఎత్తొద్దమ్మా, కడుపుకు దెబ్బ తగలనీయొద్దు. చిట్లితే ప్రాణం మీదికొస్తుంది” అన్నారు.

అమ్మ ధైర్యం చేసి ఆ ప్రశ్న ఆమెనే అడిగింది.

పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఈ వైరస్ ఒంట్లో ఉంటుందట. మన దగ్గర చాలామందికి చిన్నప్పుడే సోకి, మామూలు జలుబులాగా పోతుంది. టీనేజీలోనో ఆ తర్వాతో మొదటిసారి సోకిన వాళ్లనే ఇట్లా పడేస్తుంది. జబ్బు తగ్గినా వైరస్ పోదు, రక్తంలో రోగాలతో పోరాడే బి కణాల్లో జీవితాంతం దాగి ఉంటుంది. అప్పుడప్పుడు ఉమ్మిలోకి వస్తుంది. ఆ మనిషికి ఏ బాధా ఉండదు. పసిపిల్లలు, నడివయసు వాళ్లు, ముసలివాళ్లు, ఎవరి ఉమ్మిలోనైనా రావచ్చు. అవయవ మార్పిడి మందులు వాడుతూ రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఇంకా తరచుగా వస్తుంది. నాలాగా జబ్బుపడి లేచినవాళ్లలో నెలల తరబడి ఉంటుంది. పైగా సోకిన నాలుగు నుంచి ఆరు వారాలకు గానీ జ్వరం బయటపడదు. అన్ని వారాల కింద ఎవరి గ్లాసులో తాగామో ఎవరికి గుర్తు?

అక్క కొడుకు సగం కొరికి నా నోట్లో పెట్టే జామకాయ, క్లాసులో చేతులు మారే వాటర్ బాటిల్, జేజి రుచి చూసి అందించే ముద్ద. దేని వల్లనైనా కావచ్చు. ఇది విని జేజి ఏడ్చింది, “నా ఎంగిలి తినే వచ్చిందేమో బిడ్డా” అని. “నీ వల్లనని కూడా ఎవరూ చెప్పలేరు జేజీ. రక్తపరీక్షలో సోకిందని తెలుస్తుంది గానీ ఎవరి నుంచో తెలీదు” అన్నాను. ఆమెకు ఇంకా దిగులుగానే ఉంది.

జ్వరం తగ్గింది గానీ నీరసం నెలల తరబడి వదల్లేదు. మిద్దె మెట్లెక్కితే కూర్చోవాల్సి వచ్చేది. పరీక్షలు ఎట్లాగో రాశాను. ప్లీహం ఇప్పుడు మామూలుగా ఉంది.

మొన్న ఒక సంబంధం వాళ్లు ఈ సంగతి ఎత్తారు. అమ్మ మాట్లాడబోతే నేనే ఆపి చెప్పాను. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇదే పరీక్ష చేయించండి, దాదాపు అందరికీ ఎప్పుడో సోకి ఉన్నట్టే వస్తుంది, వాళ్లనూ ఇట్లాగే అడుగుతారా అన్నాను.