సీడీ నంబర్లు బట్టీ పట్టకండి, అవి చేసే పని పట్టుకోండి

డాక్టర్ల పీజీ ప్రవేశపరీక్ష నీట్ పీజీకి చదివేవాళ్లలో లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) మార్కర్లు అనగానే నీరసపడనివాళ్లు తక్కువ. సీడీ5, సీడీ10, సీడీ15, సీడీ20, సీడీ23... కణం పొర మీది ప్రోటీన్లకు పెట్టిన ఈ నంబర్లు ఎంత చదివినా వారం తిరిగేసరికి కలిసిపోతాయి. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలోని రీడింగ్ రూముల్లో ఈ టేబుల్ ముందేసుకుని తలపట్టుకున్నవాళ్లను చాలామందినే చూశాను. "అక్కా, ఎలా గుర్తుపెట్టుకున్నావ్?" అని జూనియర్లు అడుగుతుంటే ఇది రాస్తున్నా. నేను టేబుల్ జోలికి వెళ్లలేదు. ఒక్కో నంబరు దగ్గర ఆగి, ఇది కణం మీద కూర్చుని ఏం చేస్తోంది అని చూసుకున్నా. వీటిలో కొన్ని అచ్చంగా ఎంజైములే.

సీడీ10నే తీసుకోండి. ఫాలిక్యులర్, బర్కిట్ లింఫోమాల్లో పాజిటివ్ అని అందరం చదువుతాం. దాని ఇంకో పేరు నెప్రిలైసిన్. కణం పొర మీద ఉండి బయట తిరిగే చిన్న పెప్టైడ్లను ముక్కలు చేస్తుంది. గుండె విడుదల చేసే నేట్రియురెటిక్ పెప్టైడ్లనూ వదలదు. హార్ట్ ఫెయిల్యూర్‌లో ఇచ్చే సాక్యుబిట్రిల్ అడ్డుకునేది దీన్నే. అందుకే ఆ మందు వాడేవాళ్లలో ఇది ముక్కలు చేసే బీఎన్‌పీ (ఒక నేట్రియురెటిక్ పెప్టైడ్) కాకుండా, ఇది ముట్టుకోని ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చూస్తారు. ఒక్క సీడీ10తో పాథాలజీ, ఫార్మా, మెడిసిన్ మూడూ కలిసొచ్చాయి కదా! సీడీ26 కూడా అంతే. అది డీపీపీ-4 అనే ఎంజైమ్, షుగర్‌కి వాడే గ్లిప్టిన్ల టార్గెట్. సెజరీ సిండ్రోమ్ అనే చర్మపు టీ-కణ లింఫోమాలో సీడీ4 ఉంటుంది గానీ సీడీ7, సీడీ26 సాధారణంగా పోతాయి. ఉన్నదాన్ని కాదు, పోయినదాన్ని అడిగే ప్రశ్న అది.

సీడీ45 తెల్లరక్తకణాలన్నిటి మీదా ఉండే టైరోసిన్ ఫాస్ఫటేజ్. క్లాసికల్ హాడ్జ్‌కిన్ లింఫోమాలో కనిపించే పెద్ద క్యాన్సర్ కణం, అంటే రీడ్-స్టెర్న్‌బర్గ్ కణానికి అది ఉండదు. పాథాలజీ మేడమ్ ఒకసారి మైక్రోస్కోప్‌లో సీడీ45 ఉన్నచోట గోధుమరంగు వచ్చేలా స్టెయిన్ చేసిన స్లైడ్ పెట్టి పిలిచారు. చుట్టూ చిన్న లింఫోసైట్లన్నీ గోధుమరంగులో ఉన్నాయి, మధ్యలో ఒక్క పెద్ద కణం మాత్రం రంగు పట్టకుండా తెల్లబోయి ఉంది. అదే కణానికి సీడీ30 వేస్తే పొర చుట్టూ గోధుమ గీత, న్యూక్లియస్ పక్కన గాల్జీ దగ్గర చిన్న చుక్క. ఆ రెండు స్లైడ్లు చూశాక టేబుల్ తెరిచి చూసుకోవాల్సిన అవసరమే రాలేదు. ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్లు ఎలాగోలా టైం చేసుకుని హిస్టోపాథాలజీ రూముకి వెళ్లండి. వీడియో లెక్చర్లు ఎన్ని చూసినా ఇది రాదు.

మందుల ప్రశ్నలకు కూడా ఇదే దారి. బీ-కణాల మీదుండే సీడీ20కి రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు అంటుకున్నా ఆ ప్రోటీన్ పెద్దగా లోపలికి పోదు, పొర మీదే ఉంటుంది. అందుకే ఎన్‌కే కణాలు, కాంప్లిమెంట్ వచ్చి పని పూర్తిచేయగలుగుతాయి. యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలకు సీడీ20 లేదు కాబట్టి ఇమ్యునోగ్లోబులిన్లు వెంటనే పడిపోవు. హెపటైటిస్ బి మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఉంది కనుక మొదలుపెట్టేముందు పరీక్ష తప్పనిసరి. సీడీ30 కథ దీనికి రివర్స్. లింకర్‌తో విషం తగిలించిన యాంటీబాడీ బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్, సీడీ30తో కలిసి కణం లోపలికి వెళ్తుంది, లైసోజోముల్లో కెథెప్సిన్ అనే ఎంజైమ్ లింకర్‌ని కోస్తుంది, విడుదలైన విషం ట్యూబ్యులిన్‌ని పట్టుకుంటుంది. ఇక చేతులూ కాళ్లూ తిమ్మిర్లు ఎందుకు వస్తాయో ట్యూబ్యులిన్‌నే పట్టుకునే విన్‌క్రిస్టిన్ చదివినవాళ్లకు వేరే చెప్పాలా? బ్లియోమైసిన్ అనే కీమో మందుతో మాత్రం బ్రెంటుక్సిమాబ్‌ని కలపకూడదు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఎంజైమ్ ఎక్కడ ఉందన్నది కూడా అడుగుతారు. ఎదగని లింఫోసైట్లలో కనిపించే టీడీటీ అనే ఎంజైమ్ న్యూక్లియస్‌లో ఉంటుంది. అందుకే కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి చూసే ఫ్లో సైటోమెట్రీలో కణం పొరకు రంధ్రాలు చేస్తే తప్ప అది దొరకదు. స్లైడ్ మీద అయితే గోధుమరంగు న్యూక్లియస్‌లో నిండి ఉంటుంది, లింఫోబ్లాస్టిక్ అని తెలిసిపోతుంది. బీటీకే (బ్రూటన్ టైరోసిన్ కైనేజ్) పొరకు లోపలి వైపున పనిచేసే కైనేజ్. పుట్టుకతో లేకపోతే యాంటీబాడీలు తయారుకాని బ్రూటన్ వ్యాధి, ఇబ్రుటినిబ్‌తో ఆపితే మాంటిల్ సెల్ లింఫోమాకి చికిత్స. ఇబ్రుటినిబ్ పట్టుకునేది బీటీకేలోని 481వ అమైనో ఆమ్లమైన సిస్టీన్‌ని, అది మారిపోతే మందు పనిచేయడం తగ్గుతుంది. ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ గురించి ఎక్కువ చదవక్కర్లేదు, రక్తంలో అది పెరిగితే లింఫోమా తీవ్రతను అంచనా వేసే ఐపీఐ స్కోరులో ఒక పాయింటు అని తెలిస్తే చాలు.

సీడీ5, సీడీ23 దగ్గర మాత్రం నా పద్ధతి పనిచేయలేదు. పని తెలిసినా జవాబు రాదు, బట్టీయే గతి. రెండూ ఉంటే సీఎల్‌ఎల్ (దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా), సీడీ5 ఉండి సీడీ23 లేకపోతే మాంటిల్ సెల్ వైపు, దానికి సైక్లిన్ డీ1 అనే ప్రోటీన్ తోడు. మైనస్ మార్కుల పరీక్షలో ఈ రెండింటి మధ్య ఊహించి పెట్టకండి. ప్రశ్నలో మాంటిల్ సెల్‌లో కనిపించే 11, 14 క్రోమోజోముల ట్రాన్స్‌లొకేషన్ (ముక్కలు ఒకదానితో ఒకటి మారడం) అని ఎక్కడైనా రాశాడేమో ముందు వెతకండి.