31 డిగ్రీల దగ్గర

చాక్లెట్ ఫ్యాక్టరీ అంటే గుమ్మం దగ్గరే తియ్యటి వాసన కొడుతుందని అనుకుంటాం కదా. గోతాలు పేర్చిన మొదటి గదిలో మాకు తగిలింది పులుపు వాసన. మా చెల్లి ఒక గోతం మూతి దగ్గర వంగి, "అక్కా, ఇది అచ్చం వెనిగర్ వాసనే" అంది. మమ్మల్ని తిప్పి చూపిస్తున్నావిడ నవ్వి, "అది వెనిగర్‌లో ఉండే ఆమ్లమేనండీ. గింజలు పులిసినప్పుడు పుట్టింది, ఇంకా లోపల మిగిలి ఉంది" అన్నారు. ఆ ఒక్క మాటతో ఈ రోజంతా నేను చూడబోయేదాని మీద ఆసక్తి రెట్టింపయింది.

కోకో కాయ కొమ్మల చివర కాకుండా నేరుగా చెట్టు మాను మీద, లావాటి కొమ్మల మీద కాస్తుంది. పగలగొడితే తెల్లటి గుజ్జులో ముప్ఫై, నలభై గింజలుంటాయి. గుజ్జు తియ్యగా, కాస్త పుల్లగా ఉంటుంది. పచ్చి గింజ కొరికితే చేదు, వగరు తప్ప ఇంకేమీ తెలియదు. చాక్లెట్ రుచి ఆనవాలు కూడా ఉండదు. కాయలు కోశాక గింజల్ని గుజ్జుతో సహా కుప్ప పోసి ఆకులు కప్పుతారు, లేదా చెక్కపెట్టెల్లో పోస్తారు. ఐదారు రోజులు అలా పులియనిస్తారు. ముందు ఈస్టు గుజ్జులోని చక్కెరను ఆల్కహాల్ చేస్తుంది. తర్వాత బాక్టీరియా ఆ ఆల్కహాల్‌ను ఆమ్లంగా మారుస్తుంది. కింద మంట లేకుండానే కుప్ప 45, 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడికీ ఆ ఆమ్లానికీ గింజలోని మొలక చచ్చి, లోపలి కణాలు చితికి, వాటిలో విడివిడిగా ఉన్న పదార్థాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. తర్వాత గింజ వేయించినప్పుడు వచ్చే చాక్లెట్ రుచికి సరుకంతా అప్పుడే సమకూరుతుంది. ఆ పైన ఎండబెట్టి, తేమ 7 శాతం దాకా దించి, గోతాలకెత్తుతారు.

ఆవిడ ఒక పళ్ళెంలో కొన్ని గింజలు నిలువునా రెండుగా కోసి చూపించారు. బాగా పులిసిన గింజ లోపల ముదురు గోధుమరంగులో, మడతలు మడతలుగా, వాటి మధ్య సన్నటి సందులతో ఉంది. సరిగ్గా పులవనిది ఊదారంగులో ఉంది. అసలు పులవనిదేమో పలక రంగులో, గట్టిగా, సందులే లేకుండా ఉంది. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఇలా కోసి చూస్తారట. కుప్పను మధ్యమధ్యలో తిరగేయకపోతే పైవి పులవవు, అడుగువి మగ్గిపోతాయి. అలా వచ్చిన గింజను బాగుచేసే యంత్రం ఈ ఫ్యాక్టరీలో లేదు, ఎక్కడా లేదు. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. ఎక్కువమంది చిన్న కమతాల రైతులు. అంటే రుచిలో పెద్ద వాటా వాళ్ళ చేతుల్లో తయారై, ఆ తర్వాతే ఓడ ఎక్కుతోంది. రేపర్ మీద కంపెనీ పేరు అంత పెద్ద అక్షరాల్లో ఉంటుంది కానీ ఆ కుప్ప తిరగేసిన మనిషి ఊసే ఉండదు. నాకిది చాలా అన్యాయం అనిపించింది. ఇప్పుడు కొందరు చిన్న తయారీదారులు గింజ ఏ ప్రాంతానిదో, ఏ తోటదో కూడా రేపర్ మీద రాస్తున్నారు. ఇకమీదట చాక్లెట్ కొనేటప్పుడు ముందు ఆ వివరం వెతుక్కుంటాను.

వేయించే గదిలో తిప్పే డ్రమ్ము పెద్దగా ఏమీ కనబడనివ్వదు కానీ వాసన మాత్రం నిమిషనిమిషానికీ మారుతుంది. మొదట పులుపు, తర్వాత మాడుతున్న రొట్టెలాంటి వాసన, ఆ తర్వాత ఒక్కసారిగా, ఇదీ అని అందరికీ తెలిసిన ఆ వాసన. 120 నుంచి 140 డిగ్రీల మధ్య గింజను బట్టి వేయిస్తారు. చల్లారాక గింజలు పగలగొట్టి, గాలితో పొట్టు ఎగరేస్తారు. మిగిలిన పలుకులు నా అరచేతిలో పోశారు. కొరికితే కరకరలాడుతూ, చేదుగా, చివర్లో పండు పులుపు తగిలింది. చక్కెర ఒక్క రవ్వ లేకుండా నాకు అంత నచ్చుతుందనుకోలేదు.

ఆ పలుకుల్ని రుబ్బేటప్పుడు నీళ్ళు పోయరు. పోయనక్కర్లేదు కూడా. అందులో సగానికి పైగా కొవ్వే, అదే కోకో బటర్. రాపిడి వేడికి అది కరిగి, గట్టి పలుకులు చూస్తుండగానే నల్లటి చిక్కటి ద్రవమైపోతాయి. అందులో చక్కెర, పాల చాక్లెట్ అయితే పాలపొడి కలిపి, దగ్గరదగ్గరగా తిరిగే ఉక్కు రోలర్ల మధ్య నలుపుతారు. రేణువులు 20, 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గరికి వచ్చేదాకా ఆపరు. అంతకంటే పెద్దవిగా ఉంటే నాలుకకు ఇసుక తగిలినట్టుంటుంది. రోలర్ల మీద నుంచి ఆ మిశ్రమం పొడిపొడిగా రాలుతుంటే, ఇది మళ్ళీ ద్రవమవుతుందా అని నాకు అనుమానం వచ్చింది.

అవుతుంది. దానికి ఇంకో యంత్రం ఉంది, కాంచ్ అంటారు. 1879లో స్విట్జర్లాండ్‌కు చెందిన రోడాల్ఫ్ లిండ్ట్ కనిపెట్టాడు. అంతకుముందు చాక్లెట్ నోట్లో ఇంత మెత్తగా కరిగేది కాదు. కాంచ్‌లో చాక్లెట్‌ను వేడిగా ఉంచి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కలుపుతూనే ఉంటారు. ప్రతి రేణువుకీ కొవ్వు పూతలా పడుతుంది. మిగిలిపోయిన ఆమ్లం ఆవిరై గాలిలో కలిసిపోతుంది. మూత తీసినప్పుడు ముక్కు దగ్గరికి వచ్చిన ఘాటును మా చెల్లి వెంటనే గుర్తుపట్టింది. గోతం నుంచి ఇక్కడిదాకా వచ్చిన పులుపు చాలావరకు ఇక్కడే వదులుతుంది. మొత్తం పోగొట్టకూడదట. బాగా ఎక్కువసేపు తిప్పితే పులుపుతో పాటు పండ్ల, పూల వాసనలు కూడా పోయి, రుచి చప్పబడుతుందట. ఎప్పుడు ఆపాలో రుచి చూసి చెప్పేవాళ్ళు ఉంటారు. ఈ ఫ్యాక్టరీ మొత్తంలో నేను చేయాలనుకున్న ఉద్యోగం అదొక్కటే.

మధ్యాహ్నం చేత్తో చాక్లెట్లు చేయించే గదికి పంపారు. పొద్దుట చూసిందంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పాలరాయి బల్ల, దాని మీద అట్లకాడలాంటి వెడల్పాటి స్టీలు పలకలు రెండు, థర్మామీటర్, గిన్నెలో కరిగించిన డార్క్ చాక్లెట్. నేర్పే ఆయన ముందుగా రెండు బిళ్ళలు చేతికిచ్చి తేడా చెప్పమన్నారు. ఒకటి నిగనిగలాడుతోంది, విరిస్తే టప్పుమంది. ఇంకోటి వెలిసిపోయి, పైన బూడిదరంగు చారలతో, వేలు పెట్టగానే అంటుకుంటోంది. "రెండూ ఒకే గిన్నెలోవి. ఇందులో ఒక్క గ్రాము కలపలేదు, ఒక్క గ్రాము తీయలేదు" అన్నారు. మొదటిదాన్ని పద్ధతిగా చల్లార్చారు, రెండోదాన్ని ఊరికే వదిలేశారు. అంతే తేడా.

కోకో బటర్ గట్టిపడేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా కట్టగలదు. ఒక్కో రకం ఒక్కో వేడి దగ్గర కరుగుతుంది. మనకు కావలసింది ఐదో రకం. అది కరిగేది సుమారు 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడికి కాస్త కింద. అందుకే చేతిలో పట్టుకుంటే కాసేపు ఆగుతుంది, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. ఊరికే చల్లారనిస్తే రకరకాల స్ఫటికాలు కలగాపులగంగా కడతాయి. నిలకడలేనివి రోజులు గడిచేకొద్దీ రూపం మార్చుకుంటూ కొవ్వును పైకి నెడతాయి. చాక్లెట్ మీద కనబడే ఆ తెల్లటి పొర బూజు కాదు, ఆ కొవ్వే. తింటే ఏమీ కాదు, కాకపోతే ఆ నిగారింపు, ఆ విరుపు ఉండవు.

ఐదో రకం మాత్రమే కట్టేలా చేయడాన్ని టెంపరింగ్ అంటారు. డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా వేడిచేసి అన్ని స్ఫటికాలనూ కరిగించేయాలి. తర్వాత 27, 28కి దించాలి. అప్పుడు నాలుగో రకం, ఐదో రకం రెండూ పుడతాయి. మళ్ళీ మెల్లగా 31, 32కి పెంచితే నాలుగోది కరిగిపోయి, ఐదోది మిగులుతుంది. క్యూలో ముందున్నవాళ్ళు సరిగ్గా నిలబడితే వెనకొచ్చేవాళ్ళూ ఆ వరసలోనే నిలబడతారు కదా, ఆ మిగిలిన కాసిని స్ఫటికాలను చూసి తక్కిన కొవ్వంతా అలాగే సర్దుకుంటుంది. ఫ్యాక్టరీలో ఈ పనంతా మూసి ఉన్న యంత్రం లోపల జరిగిపోతుంది. పొద్దున దాని పక్కనే నిలబడ్డా నాకేమీ అర్థం కాలేదు. చేతితో చేస్తేనే తెలిసింది.

గిన్నెలో మూడింట రెండు వంతులు పాలరాయి మీద పోశాం. పలకతో పలచగా పరచడం, మళ్ళీ మధ్యకు లాగడం, మళ్ళీ పరచడం. "చెయ్యి ఆపకండి, అంచులు ఎండిపోతాయి" అని ఆయన నా పక్కనే నిలబడ్డారు. మొదట నీళ్ళలా జారిపోతున్నది కాసేపటికి పలకకు బరువుగా తగలడం మొదలైంది. అద్దంలా మెరిసే ఉపరితలం కొంచెం మందగించి, పలక లాగిన గీత వెంటనే కలిసిపోకుండా ఒక క్షణం అలాగే నిలిచింది. "ఇప్పుడు ఎత్తండి" అన్నారాయన. థర్మామీటర్ పెడితే 28. చూడకుండానే ఎలా చెప్పారో అడిగితే, కొద్దిగా వేలితో తీసి కింది పెదవికి తాకించుకోమన్నారు. చల్లగా తగిలింది. ఎన్నో ఏళ్ళు చేసినవాళ్ళకు థర్మామీటర్ అదేనట. బల్ల మీదదంతా గీకి గిన్నెలో మిగిలిన వేడి చాక్లెట్‌లో కలిపితే 31 దగ్గరికి వచ్చి నిలిచింది. చాకు మొన ముంచి పక్కన పెట్టాం. కొద్ది నిమిషాల్లోనే చారలు లేకుండా మెరుస్తూ గట్టిపడింది. మా చెల్లి చప్పట్లు కొట్టింది, నాకూ కొట్టాలనిపించి కొట్టాను.

నీళ్ళ సంగతి కూడా ఆయన ప్రత్యేకంగా చూపించారు. చిన్న గిన్నెలో కరిగిన చాక్లెట్ తీసుకుని, అందులో కొన్ని చుక్కలు నీళ్ళు వేసి కలిపారు. చూస్తుండగానే అది బిగుసుకుపోయి, ముద్దముద్దగా గరుకుగా తయారైంది. నీటిచుక్క చుట్టూ చక్కెర రేణువులు చేరి అతుక్కుపోతాయట. పాల చాక్లెట్ చేయడం మొదట్లో ఎందుకంత కష్టమైందో నాకు అప్పుడు తెలిసింది. పాలంటే చాలావరకు నీళ్ళే మరి. 1875 ప్రాంతంలో డానియెల్ పీటర్ అనే స్విస్ ఆయన నీరు తీసిన చిక్కటి పాలతో ఆ చిక్కు విప్పాడు. పీటర్ అంతకుముందు కొవ్వొత్తులు చేసేవాడు. కొవ్వు కరిగించడం, గడ్డకట్టించడం తెలిసినవాడికే ఈ పని కుదిరిందంటే నాకు చాలా సబబుగా తోచింది.

అచ్చులు దూదితో తుడిచి ఉంచారు. అచ్చు ఎంత శుభ్రంగా ఉంటే చాక్లెట్ అంత మెరుస్తుంది. నిండా పోసి, గాలిబుడగలు పోయేలా బల్లకేసి తట్టి, బోర్లించి ఎక్కువైనది వంచేస్తే అంచుల వెంట సన్నటి పొర మిగిలింది. లోపల నింపడానికి గనాష్, అంటే వేడి క్రీము, తరిగిన చాక్లెట్. క్రీము పోసి కాసేపు కదపకుండా ఉంచి, తర్వాత గిన్నె మధ్యలోంచి చిన్నచిన్న చుట్లుగా కలపాలి. ముందు విరిగిపోయినట్టు కనిపిస్తుంది. కలుపుతూ పోతే మధ్యలో ఒక మెరిసే బొట్టు కుదురుకుని, అదే పెరుగుతూ గిన్నె అంచుల దాకా వస్తుంది. ఆ మెరుపు మధ్య నుంచి పాకుతూ రావడం నేను ఎంతసేపైనా చూస్తాను. నీటిచుక్కకు బిగుసుకుపోయిన చాక్లెట్ ఇంత క్రీముకు ఎందుకు బిగుసుకోదని అడిగాను. కొంచెం నీరైతే అతుకుతుంది, సరిపడా ఉంటే చక్కెర అందులో కరిగి, కొవ్వు చిన్నచిన్న బిందువులుగా విడిపోయి కలిసిపోతుందన్నారు.

గనాష్ చల్లారాక నింపి, పైన మళ్ళీ పలచగా చాక్లెట్ పూసి మూశాం. చల్లటి అరలో గట్టిపడనిచ్చి అచ్చు తిరగేసి ఒక్క దెబ్బ వేస్తే అన్నీ టపటపా రాలాయి. ఐదో రకం స్ఫటికాలు కట్టేటప్పుడు చాక్లెట్ కొద్దిగా కుంచించుకుపోయి అచ్చును వదిలేస్తుందట. టెంపరింగ్ కుదరకపోతే ఎంత కొట్టినా రాదు. మా చెల్లి ఒకటి కొరికి, కళ్ళు మూసుకుని, "అక్కా, నమలకు" అంది. నేనూ అలాగే నాలుక మీద పెట్టుకుని ఊరుకున్నాను. ముందు పైపొర కరిగింది, తర్వాత గనాష్ చల్లగా పరుచుకుంది, ఆఖరున పొద్దున పలుకుల్లో దొరికిన ఆ పండు పులుపు పలచగా వచ్చింది.

క్రీము ఉంది కాబట్టి వీటిని కొద్ది రోజుల్లోనే తినేయాలి. ఉత్త బిళ్ళలైతే నెలలు ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే గాలి దూరని డబ్బాలో పెట్టి, బయటికి తీశాక డబ్బా చల్లదనం పోయేదాకా మూత తీయకూడదట. లేకపోతే చెమ్మ పట్టి, చక్కెర కరిగి పైకి తేలుతుంది. మా చెల్లి ఇప్పటికే అచ్చులు ఎక్కడ దొరుకుతాయో వెతుకుతోంది. ఇంట్లో మొదట పాల చాక్లెట్‌తో చేయాలని నా కోరిక. పాలకొవ్వు కలవడం వల్ల స్ఫటికాలు మెత్తబడి, అందులో 29, 30 దగ్గరే ఆగాలి. పాలరాయి లేకపోయినా, టెంపరింగ్ అయిన చాక్లెట్‌ను తరిగి కరిగినదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ దించవచ్చని ఆయన చెప్పారు. ఆ తరుగులో ఐదో రకం ముందే ఉంటుంది కదా.