మూడో అంతస్తులో ఉప్పునీళ్లు

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్నతో చెప్పాను, హైదరాబాద్ బాగ్‌లింగంపల్లి ఫ్లాట్‌లో ఉప్పునీటి అక్వేరియం పెడుతున్నానని. మాది బందరు. "దానికేముందిరా, మంగినపూడి నుంచి నాలుగు డబ్బాల సముద్రపు నీళ్లు బస్సులో వేసేస్తా" అన్నారు. ఆయన్ని ఆపడానికి చాలాసేపు పట్టింది. మా తీరంలో నీళ్లలో నల్లమట్టి ఎక్కువ, పైగా కృష్ణ నీళ్లు కలిసే చోటు కాబట్టి వానాకాలంలో ఉప్పు ఒకలా, ఎండాకాలంలో ఒకలా ఉంటుంది. నేను చివరికి పెంచాలనుకున్న పగడాలకు ఏడాది పొడుగునా మారని నీళ్లు కావాలి. కాబట్టి ఇంట్లోనే తయారు చేసుకోవాలి, ఈ పనిలో ముప్పావు వంతు అదే.

మా బోరు నీళ్లు, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌లో 840 చూపించాయి. తాగే ఆర్వో నీళ్లేమో 60, ఎందుకంటే రుచి కోసం అందులో కొంత మామూలు నీరు కలిసేలా పెడతారు. మనకు కావలసింది సున్నా. ఆ నీళ్లతో వచ్చే నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు అన్నీ నాచుకు మేతే. అందుకని విడిగా ఒక ఆర్వో మెంబ్రేన్, దాని వెనక మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం బాల్కనీలో బిగించాను. లీటరు మంచినీళ్లు పట్టుకుంటే రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. వాటిని బకెట్లలో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూముల్లోకి వాడుతున్నాం. వేసవిలో ట్యాంకర్ కొనే అపార్ట్‌మెంట్‌లో నీళ్లు డ్రైనేజీకి వదలాలంటే మనసొప్పదు.

ఉప్పు విషయంలో మాత్రం చౌకకు పోవద్దు. వంట ఉప్పు, కల్లుప్పు పనికిరావు. కాల్షియం, మెగ్నీషియం సరైన పాళ్లలో ఉన్న, పగడాల ట్యాంకుల కోసం చేసే రీఫ్ సాల్టే కావాలి. లీటరుకు సుమారు 38 గ్రాములు వేసి, డ్రమ్ములో చిన్న మోటారు పెట్టి రాత్రంతా తిప్పాను. 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు రావాలి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని ఉత్త నీళ్లతో కాకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి, నాది ఉత్త నీళ్లకు సరిగ్గా సున్నా చూపించి 35 దగ్గర రెండు పాయింట్లు తప్పింది.

ట్యాంకు మూడడుగులు, వెడల్పు, ఎత్తు అడుగున్నర చొప్పున. నీళ్లే 180 కిలోల దాకా ఉంటాయి, రాళ్లు, అద్దం, ఇనుప స్టాండు కలిపితే ఇంకా పైన. అందుకే హాలు మధ్యలో కాకుండా కింద బీమ్ ఉన్న గోడవారగా పెట్టాను.

తర్వాత నలభై రోజులు ఖాళీ ట్యాంకే. ఒక షాపులో, నీళ్లు పోసిన మర్నాడే చేపలు వేసుకోవచ్చన్నారు. ఈ మాట నమ్మే ఎంతోమంది మొదటి నెలలోనే చేపల్ని చంపుకుని ట్యాంకు అమ్మేస్తున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది. చేప విసర్జించేది అమోనియా, అది దానికే విషం. దాన్ని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్లలో స్థిరపడేదాకా ఆగాలి. రాంనగర్ చేపల మార్కెట్‌లో ఒక పచ్చి రొయ్య తెచ్చి, అది కుళ్లి ఆ బాక్టీరియాకు కావలసిన అమోనియా వదలాలని, గుడ్డలో కట్టి ట్యాంకులో వేలాడదీశాను. నాలుగు రోజులు వాసన, మా ఆవిడ కిటికీలన్నీ తెరిచే ఉంచింది. తొమ్మిదో రోజుకు అమోనియా 2 పీపీఎం (పది లక్షల పాళ్లలో రెండు). తర్వాత అది దిగుతుంటే నైట్రైటు ఎక్కింది. ముప్ఫై నాలుగో రోజున రెండూ సున్నా అయ్యాయి, నమ్మకం లేక ఇంకో వారం ఆగాను. ఆ వారంలోనే రాళ్లంతా గోధుమరంగు పొర పట్టింది. అది డయాటమ్ అనే సూక్ష్మమైన నాచు, కొత్త ట్యాంకుల్లో మామూలే, మందులేం పోయకుండా వదిలేస్తే దానంతటదే పోయింది.

రాళ్లు సముద్రం నుంచి ఏరినవి కావు, తయారు చేసిన సిరామిక్ రాళ్లు. మన దేశంలో రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో, అంటే పులి ఉన్న జాబితాలోనే ఉన్నాయి. ఎవరైనా "నాచురల్ లైవ్ రాక్" అని సముద్రపు పగడపు రాయి చూపిస్తే అది ఏ తీరం నుంచి పీకిందో అడగండి. ఉగాది తర్వాత తెచ్చిన రెండు క్లౌన్ చేపలు కూడా హేచరీవే. తమిళనాడులోని మండపంలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్లు వీటిని ఒడ్డునే పుట్టించి పెంచే పద్ధతి సాధించారు, ఇక సముద్రంలో వల వేసి పట్టినవి కొనాల్సిన అవసరం ఏముంది?

ఏప్రిల్ వచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. మధ్యాహ్నానికి నీళ్లు 31 డిగ్రీలు. నీటి మీదికి రెండు చిన్న ఫ్యాన్లు తిప్పితే మూడు డిగ్రీలు దిగింది, మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే, ఆవిరి వేడిని పట్టుకుపోతుంది. మన పొడి ఎండకు ఇది బాగా పనిచేస్తుంది, వానాకాలపు తేమలో ఇంత పనిచేయదు. కానీ రోజుకు మూడు లీటర్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది, కాబట్టి తగ్గిన మేరకు ఉప్పునీళ్లు కాదు, సున్నా టీడీఎస్ నీళ్లే పోయాలి. ఒకరోజు సాయంత్రం గాలివానకు మూడు గంటలు కరెంటు పోయింది. నీటి కదలిక ఆగితే ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే నేను మగ్గుతో నీళ్లు ఎత్తి పోస్తూ కూర్చున్నాను. మర్నాడే నీళ్లను కదిలించే వేవ్‌మేకర్‌ని ఇన్వర్టర్‌కి కలిపాను.

పోయిన వారం నాన్న వచ్చారు. ట్యాంకులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "మన బందరు నీళ్లకంటే ఉప్పెక్కువేరా" అన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నారు, కాఫీ కూడా అక్కడికే తెప్పించుకున్నారు. పగడాలేవని అడిగారు. 30 దాటితే అవి తమలో ఉండే నాచును బయటికి తోసేసి తెల్లబడిపోతాయి, అందుకే ఎండలు తగ్గి, నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొన్నాకే మొదటి జొయాంథిడ్ (ఒక రకం పగడం) తెస్తానని చెప్పాను. దసరాకి మళ్లీ వస్తానన్నారు.