ప్లీడరు మీద ఫిర్యాదు కేసులో ఇంటర్న్ పని

లాయర్ల మీద క్రమశిక్షణ కేసులు చూసే సీనియర్ దగ్గర ఇంటర్న్‌షిప్ దొరికితే, ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ కేసులకంటూ మన బార్ కౌన్సిళ్లలో (లాయర్ల నమోదు, క్రమశిక్షణ చూసే సంస్థలు) ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఉండరు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అడ్వకేట్ జనరల్‌కూ నోటీసు వెళ్తుంది, ఆయన హాజరు కావచ్చు కూడా. కానీ కేసు మోయాల్సింది మామూలుగా ఫిర్యాదుదారూ, ఆయన పెట్టుకున్న వకీలే.

ఫిర్యాదుదారు ఒక సంచి నిండా కాగితాలు తెస్తారు. వాటితో మీరు నాలుగు గళ్ల పట్టిక వేయాలి: తేదీ, జరిగింది, దానికి కాగితం, కాగితం లేకపోతే చెప్పగల సాక్షి. చివరి రెండు గళ్లూ ఖాళీగా ఉన్న ఆరోపణ బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ ముందు నిలవదు. ఇక్కడ రుజువు సివిల్ దావాలో కంటే గట్టిగా ఉండాలి.

వాయిదాకు లాయరు రాక దావా డిఫాల్ట్ కింద కొట్టేశారనే ఫిర్యాదు తీసుకోండి. 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో (కేసుకు ఉండే ప్రత్యేక సంఖ్య) కోర్టుల వెబ్‌సైట్ ఈకోర్ట్స్‌లో వాయిదాలన్నీ కనిపిస్తాయి, అయితే ఆ ప్రింటు దారి చూపడానికే. కావాల్సింది డాకెట్ ఆర్డర్ల (వాయిదా వాయిదాకీ కోర్టు రాసిన ఉత్తర్వుల) సర్టిఫైడ్ కాపీలు. వకాల్తా (లాయరుకు కేసు అప్పగిస్తూ ఇచ్చే పత్రం) నకలు కూడా తప్పక తీయాలి. ఒకే వకాల్తాలో ఇద్దరు ముగ్గురు లాయర్లు సంతకాలు పెట్టి ఉంటారు. ఫీజు తీసుకున్నది ఒకరు, వాయిదాకు రానిది మరొకరు అయితే, ప్రతివాదిగా ఎవరిని చూపాలో అక్కడే తేలాలి.

డబ్బు విషయంలో కోర్టు ఫీజుకని ఇచ్చినదీ, వకీలు ఫీజుగా ఇచ్చినదీ కలపకండి. క్లయింటు డబ్బుకు లెక్క రాయమని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. వాట్సాప్ మెసేజీలు ఉంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్ రెండు భాగాలూ, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్) సహా, సిద్ధం చేయాలి. ఈలోగా ఫోన్ మార్చవద్దని, చాట్ చెరపవద్దని ఫిర్యాదుదారుకు మొదటి రోజే చెప్పండి.

విద్యార్థుల డ్రాఫ్టుల్లో తరచూ కనిపించే తప్పు, ఓడిపోయిన ప్రతి కేసునూ దుష్ప్రవర్తన అనడం. పొరపాటు సలహా వేరు, అనుచితమైన సలహా వేరని 1983లో పి.డి. ఖండేకర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫీజు బాకీ అని ఫైలు ఆపితే మాత్రం కథ మారుతుంది. ఆ హక్కు లాయరుకు లేదని 2000 నాటి ఆర్.డి. సక్సేనా తీర్పు. ఇంకో తప్పు చిన్నదే కానీ ఖరీదైనది: సంతకం, వెరిఫికేషన్ (రాసింది నిజమనే ధృవీకరణ) సరిగా లేని ఫిర్యాదు.

మధ్యలో రాజీ కుదిరినా, అంతమాత్రాన విచారణ ఆగిపోదు. రాష్ట్ర కమిటీ ఏడాదిలో తేల్చకపోతే అడ్వకేట్స్ చట్టం 36బి సెక్షన్ కింద కేసు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్తుంది. కమిటీ ఉత్తర్వు మీద అప్పీలుకు గడువు 60 రోజులు.

మూడేళ్ల కోర్సులో 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. కానీ ఏ ఏడాదిలోనూ వరుసగా 4 వారాలు మించకూడదు. కాబట్టి మొదలుపెట్టిన కేసు ముగింపు మీరు చూడకపోవచ్చు. వెళ్లే ముందు ఏ నకలుకు ఏ తేదీన దరఖాస్తు పెట్టారో, కాపీ అప్లికేషన్ నంబరు ఎంతో పట్టిక కింద రాసి పెట్టండి.